నేను మా మామ్మని కాను

నేను పుట్టేసరికే ఒకసారి చచ్చిపోయి ఉన్నానని మా ఇంట్లో అందరి నమ్మకం.

మా మామ్మ కాంతం, అంటే మా నాన్నని కన్నతల్లి, ఒక ఫాల్గుణ మాసంలో గుండె ఆగి పోయింది. ఆ కార్తీకంలో నేను పుట్టాను. నన్ను తెచ్చి నాన్న చేతుల్లో పెట్టేసరికి నా ఎడమ మోచేతి మీద నల్లటి మచ్చ కనిపించిందట. మామ్మకి సరిగ్గా అక్కడే గంజి ఒలికి కాలిన మచ్చ ఉండేదట. ఇంకేముంది! "అమ్మా, వచ్చేశావా!" అని మా నాన్న ఆసుపత్రి వరండాలో చిన్నపిల్లాడిలా గంతులేశాడట.

ఆ రోజే నాకు కాంతం అని పేరు పెట్టేశారు. కానీ ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఇంట్లో ఒక్కరూ లేరు. నాన్నకి నేను తల్లిని కాబట్టి 'అమ్మా' అంటాడు. అమ్మకి నేను అత్తగారిని కాబట్టి పేరు పెట్టి పిలవకూడదు, 'ఇదిగో' అంటుంది. మా తాతయ్య నరసింహమూర్తి గారికి ఎనభై నాలుగేళ్ళు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఆయన భార్యని పిలిచినట్టే నన్నూ 'ఏమే' అంటాడు. ఇంటర్లో ఉండగా ఒళ్ళు మండి, నిఖిత అని నాకు నేనే పేరు పెట్టుకున్నాను. సర్టిఫికెట్లలో కాంతమే ఉంది గానీ బయట అందరికీ నేను నిఖితనే.

ఒకసారి తాతయ్యతో వాదన పెట్టుకున్నాను. "కార్తీకంలో పుట్టానంటే, ఫాల్గుణానికే నాను అమ్మ కడుపులో ఉండుండాలి కదా తాతయ్యా. ఒకే మనిషి అటు మంచం మీదా, ఇటు కడుపులోనా ఎలాగుంటాది?" అన్నాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "ప్రాణం ఏడో నెల్లో గాని చేరదే. అప్పటిదాకా అది ఖాళీ ఇల్లు" అన్నాడు. పోర్టులో బెర్తు ఖాళీగా ఉంటే బయట లంగరేసుకున్న ఓడ వచ్చి చేరినట్టన్నమాట. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

అసలు విడ్డూరం ఇంకోటుంది. నేను పుట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో మామ్మకి తద్దినం లేదు. పురోహితుడు నెత్తీ నోరూ బాదుకున్నా తాతయ్య వినలేదు. ఇంట్లో తిరుగుతున్న మనిషికి పిండం పెడితే అరిష్టం అన్నాడు. హాల్లో గోడ మీద మామ్మ ఫోటోకి దండ కూడా లేదు. బతికున్నవాళ్ళ ఫోటోకి దండ వేస్తామా? ఆ ఫోటో కిందే కూర్చుని నేను ఎక్కాలు బట్టీ పట్టాను, టెన్త్ చదివాను, ఉద్యోగం ఆర్డరు విప్పి చూసుకున్నాను.

నా తప్పు లేదని అనను. తొమ్మిదేళ్ళప్పుడు నాకు సైకిలు కావలసి వచ్చింది. అమ్మ వద్దంది. నేను నాన్న దగ్గరికెళ్ళి, గొంతు కాస్త బరువు చేసి, "పోయిన జన్మలో సైకిలు తొక్కాలని ఎంత కోరికో" అన్నాను. సాయంత్రానికి ఎర్ర సైకిలు గుమ్మంలో ఉంది. మా నాన్న దాని హ్యాండిల్ పట్టుకుని కళ్ళొత్తుకుంటున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు సార్లు ఆ గొంతు వాడాను. పిల్లలు ఊరుకుంటారా!

పెళ్ళీడు వచ్చాక తెలిసింది నేను ఏ గోతిలో పడ్డానో. మా నాన్న సీతారామాంజనేయులు గారు స్టీల్ ప్లాంటులో సీనియర్ టెక్నీషియన్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బుర్ర ఉన్నవాడు, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చీమ చిటుక్కుమన్నా చెప్పగలడు. అలాంటివాడు నాకు వచ్చిన సంబంధాలన్నీ చెడగొట్టాడు. ఒకడికి పలువరస బాగోలేదు. ఒకడు హైదరాబాదులో ఉంటాడు, అంత దూరమా! ఇంకొకడి ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. "మెట్లెక్కలేవమ్మా, నీకు మోకాళ్ళ నొప్పులు" అన్నాడు. మోకాళ్ళ నొప్పులు మామ్మవి! నేను రోజూ మా షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసు నుంచి జెట్టీకి, జెట్టీ నుంచి ఆఫీసుకి కాగితాలు పట్టుకుని పరిగెత్తే మనిషిని. ఓడల నిచ్చెనలు చీరతో కూడా ఎక్కగలను.

ఇలా ఉండగా బెన్సన్ తగిలాడు. కంచరపాలెంలో లైట్లూ జనరేటర్లూ అద్దెకిచ్చే షాపు అతనిది. పెళ్ళిళ్ళు, చర్చి కూటాలు, సినిమా షూటింగులు, ఏవైనా సరే. మా ఆఫీసు వార్షికోత్సవానికి లైట్లు పెట్టడానికి వచ్చి, స్టేజీ మీద మా మేనేజరు మొహం చీకట్లో ఉంచి టీ ఇచ్చే చంద్రమ్మ మొహం మీద వెలుగు వేశాడు. ఏమిటయ్యా అంటే, "ఆయనకన్నా ఈవిడ మొకం బావుందండి" అన్నాడు. మూడేళ్ళయింది. కులం, మతం, గొడవలు అన్నీ మాకు తెలుసు. రిజిస్టర్ పెళ్ళికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలనీ తెలుసు. ఇంట్లో చెప్పి, అడిగి, అప్పుడు చేసుకుందామన్నది నా పట్టుదల. దొంగతనంగా చేసుకునే పని నేను చేయను.

అప్పుడే ఈ సినిమా వచ్చింది. భీమిలి కుర్రాడు జయంత్ మొదటిసారి డైరెక్టు చేస్తున్నాడు. కథేమిటంటే, హీరోయిన్ భీమిలి సముద్రంలో మునిగి చచ్చిపోతుంది. యముడి ముందు నిలబడి, "నాకన్నీ గుర్తుండాలి, లేకపోతే నేను పుట్టను" అని మొండికేస్తుంది. యముడు దడుచుకుని సరే అంటాడు. మళ్ళీ పుట్టి, పాత ఇంటికొచ్చి, పాత ప్రేమికుణ్ణి వెతుక్కుంటుంది. ఆ పాత ఇంటి కోసం వన్ టౌన్ అంతా తిరుగుతున్నారని బెన్సన్ చెప్పాడు.

"మీ ఇల్లు ఇప్పించు నిఖితా. చెక్క మెట్లు, పాత తలుపులు, అచ్చం ఆళ్ళకి కావలసిందే. నాలుగు రోజులు మీ ఇంట్లో తిరుగుతాను. మీ నాన్న నన్ను సూసి, కుర్రోడు బంగారం అనుకోవాల" అన్నాడు.

"బంగారానికి లైట్ల స్టాండు మోయడం వచ్చా?" అన్నాను. కానీ ఆలోచన నచ్చింది. పునర్జన్మ కథ అనేసరికి తాతయ్య ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. నాన్న నాలుగు రోజులు సెలవు పెట్టేశాడు.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. బెన్సన్ తాతయ్యకి మానిటర్ ఎదురుగా కుర్చీ వేశాడు. ఆయనతో క్రేన్ల గురించి, నాన్నతో ఫర్నేసు గురించి మాట్లాడాడు. "పనిమంతుడు" అని నాన్న అమ్మతో అనడం నేను విన్నాను. తాతయ్య మాత్రం వాళ్ళు ముందే తీసుకొచ్చిన యముడి సీను మానిటర్లో చూసి కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏమే, నువ్వూ ఇలాగే పోట్లాడొచ్చావా?" అన్నాడు. ఆ హీరోయిన్‌ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. యముణ్ణి దబాయించి తెచ్చుకున్న కొత్త జన్మ, తీసుకెళ్ళి పాతవాడి కాళ్ళ దగ్గర పోస్తుందా? నేనైతే ముందు ఆ సముద్రం ఈదడం నేర్చుకునేదాన్ని. ఆ మాటే జయంత్‌తో అంటే, "అలా తీస్తే ఎవులూ సూడరక్కా" అని నవ్వాడు.

మూడో రోజు పొద్దున్న గొడవ మొదలైంది. హీరోయిన్ హాల్లోకి వచ్చి, గోడ మీద తన పాత జన్మ ఫోటో చూసి కళ్ళు తిరిగి పడిపోయే సీను. సెట్టింగులు చూసుకునే గురువులు అనే ఆయన హీరోయిన్ ఫోటో తగిలించి దండ వేశాడు. పక్కన మామ్మ ఫోటో బోసిగా ఉంటే బాగోదని దానికీ ఒక బంతిపూల దండ వేసేశాడు. పాపం, ఆయనకేం తెలుసు!

పెరట్లోంచి వచ్చిన మా నాన్న అది చూశాడు.

"తియ్! ముందది తియ్! మా అమ్మ బతికుండగా దండేత్తావేటి?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. తనే స్టూలెక్కి దండ లాగి పారేశాడు. బంతిపూలు హాలంతా చెల్లాచెదురయ్యాయి.

గురువులు చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండి. అమ్మగారు ఎక్కడుంటారండి?" అన్నాడు.

మా నాన్న చెయ్యి చాచి నన్ను చూపించాడు. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. యూనిట్ అంతా, ఇటు మేకప్ మనిషి నుంచి అటు డ్రైవర్ల దాకా, నావైపు తిరిగారు. సిగ్గో, కోపమో, అరికాలు నుంచి నెత్తి దాకా ఏదో పాకింది. నిచ్చెన మీద లైటు పట్టుకుని బెన్సన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంట్లో ఉన్న ఈ గోల నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకునే గోలా ఇది?

పెరట్లో నూతి దగ్గర నన్ను పట్టుకున్నాడు. "ఏటిది నిఖితా? మీ నాన్నకి నువ్వు అమ్మవేటి?"

అంతా చెప్పాను. మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. మోకాళ్ళ నొప్పుల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "అంటే మీ నాన్న నిన్ను ఏ రోజూ కూతురిలా సూడనేదా?" అన్నాడు. ఇరవై ఏడేళ్ళలో ఈ ముక్క నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు.

"మజ్జాన్నం మా అమ్మ వత్తాది. ఈ రోజే అడుగుతాదట. ఆపమంటావా?" అన్నాడు.

"ఆపకు. రానీ" అన్నాను.

బెన్సన్ వాళ్ళమ్మ జయమణి గారు రిటైరైన నర్సు. ముప్పై ఏళ్ళు సూదులు పొడిచిన చెయ్యి, మాట కూడా అలాగే సూటిగా దిగుతుంది. షూటింగు వాళ్ళు భోజనాలకి లేచిన వేళకి తెల్ల చీర, చేతిలో బత్తాయి పళ్ళ సంచితో వచ్చింది. హాల్లో నాన్న, తాతయ్య, అమ్మ ఉన్నారు. జయంత్ ఓ మూల కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. గోడ మీద బెన్సన్ లైటు ఒకటి ఇంకా వెలుగుతూనే ఉంది.

"అన్నయ్యగారూ, నాను డొంకతిరుగుడు మాటలు మాట్లాడలేను. మా బెన్సన్, మీ అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడ్డారు. మతాలు వేరు, నాకు తెల్సు. మీ అమ్మాయిని చర్చికి రమ్మని నాను బలవంతపెట్టను, మా ఓణ్ణి గుడికి రమ్మని మీరు అడక్కండి. పెళ్ళి రిజిస్టర్ ఆఫీసులో సేసుకుంటారట. పెద్దోళ్ళుగా మనం పక్కన నిలబడితే బావుంటాది" అంది.

మా నాన్న బెన్సన్ వైపు చూశాడు, నావైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. భయం వచ్చింది.

"మతం మాట తర్వాతండి. నాను ఈ పెళ్ళే కాదు, ఏ పెళ్ళీ సెయ్యలేను. కన్నతల్లిని కన్యాదానం ఎలా సేత్తానండి? అమ్మని ఎత్తుకెళ్ళి ఇంకో ఇంట్లో ఒదిలేసి రానా?" అన్నాడు.

అదీ సంగతి! పలువరసలు, హైదరాబాదులు, మూడో అంతస్తులు, అన్నిటి వెనకా ఉన్నది ఇది. అమ్మకి ముందే తెలుసనుకుంటాను, తల దించుకుంది.

"పైగా మా ఆవిడ నాకు మాటిచ్చింది. ఏడు జన్మలూ ఈ గుమ్మంలోనే ఉంటానంది. ఇది రెండోది" అన్నాడు తాతయ్య కర్ర నేలకేసి కొట్టి.

జయమణి గారు ఫోటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆవిడ నవ్వుతుందేమోనని నాకు భయం వేసింది. నవ్వలేదు.

"మీకు ఏడున్నాయి మావయ్యగారూ, మా దాంట్లో మనిషికి జన్మ ఒక్కటే. ఆ ఒక్కదానికీ ఈ పిల్లని ఇవ్వండి. మిగతా ఐదూ మీరే ఉంచుకోండి" అంది.

జయంత్ కలం ఆగిపోయింది. గబుక్కున లేచి నా దగ్గరికొచ్చి, "అక్కా, నిజంగా నీకేటన్నా గుర్తుందా? ఒక్క ముక్క సెప్పక్కా" అని గుసగుసలాడాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ మూలకెళ్ళిపోయాడు.

అప్పుడు మా అమ్మ చేసిన పని నేను జన్మలో మర్చిపోను. పళ్ళ సంచి లోపల పెట్టి వస్తున్నట్టు వచ్చి నా చెవి దగ్గర ఆగింది. "ఇదిగో, నీకు దారి తెల్సు కదే. సైకిలుకి అడిగినట్టు అడిగీ. మీ మామ్మలా ఒక్క మాట అను. పని అయిపోద్ది" అంది. సైకిలు సంగతి అమ్మకి మొదటి నుంచీ తెలుసన్నమాట! అత్తగారన్న పేరుతో నన్ను ఇరవై ఏడేళ్ళు మోసిన మనిషి, నా పెళ్ళి కోసం ఆ అబద్ధాన్నే నా చేతిలో పెట్టింది.

నిజమే, దారి అదే. మామ్మ మా నాన్నని 'చంటీ' అనేదని తాతయ్య వందసార్లు చెప్పాడు. ఆవిడ పోయాక ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నేను కూడా ఏ రోజూ వాడలేదు. అంత పెద్ద దొంగతనం చేసే ధైర్యం చిన్నప్పుడు కూడా రాలేదు నాకు. ఇప్పుడు బెన్సన్ నా వైపే చూస్తున్నాడు. వాళ్ళమ్మ లేచి వెళ్ళిపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. నాకు ఈ పెళ్ళి కావాలి. ఎవరు ఏమనుకున్నా సరే, కావాలి.

"చంటీ" అన్నాను.

నాన్న చటుక్కున తలెత్తాడు.

"చంటీ, ఇలా రారా."

మా నాన్న వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నెరిసిన మీసం, షిఫ్టులో కాలిన చేతులు, ఆ చేతులు కట్టుకుని బడికెళ్ళనని మారాం చేసి తప్పు ఒప్పుకునే పిల్లాడిలా నా ముందు నిలబడ్డాడు. "చెప్పమ్మా" అన్నాడు. ఆ క్షణాన బెన్సన్‌నే కాదు, పోర్టులో ఉన్న ఓడలన్నీ అడిగినా తెచ్చి ఇచ్చేవాడు. ఒక్క మాట చాలు. నోటి చివర ఉంది.

కానీ ఆయన నన్ను చూడటం లేదు. నా మొహంలో ఎక్కడో ఆవిణ్ణి వెతుక్కుంటున్నాడు. ఈ మాటతో పెళ్ళి గెలుచుకుంటే, రిజిస్టర్ ఆఫీసులో కుర్చీలో కూర్చునేది కూడా ఆవిడే. బెన్సన్ పక్కన నడిచేదీ ఆవిడే. రేపు నాకు బిడ్డ పుడితే, దాన్నీ ఎత్తుకుని ఎవరి పేరో పెట్టేస్తారు. వద్దు! నాకు వద్దు ఈ ముష్టి!

"నాన్నా, నాను మామ్మని కాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఏటమ్మా?" అన్నాడు.

"అమ్మా అనకు. నాను నీ తల్లిని కాదు, నీ కూతుర్ని. నాకు ఏమీ గుర్తు నేదు. ఎప్పుడూ నేదు. సైకిలు కోసం అబద్ధమాడాను. మిగతావన్నీ మీ నోటివెంట విన్నవే మీకు తిరిగి సెప్పాను. ఇప్పుడు చంటీ అన్నాను సూడు, అదీ దొంగ పిలుపే. నీ చేత నా పెళ్ళి సేయించుకోవాలని పిలిచాను. మామ్మ పోయింది నాన్నా. ఆవిడ మళ్ళీ రాలేదు. వచ్చింది నాను. నాకు పాత జన్మ నేదు, నాకున్నది ఇదొక్కటే, దీన్ని నాను ఎవరికీ ఇవ్వను."

"నోర్ముయ్యవే!" అని తాతయ్య లేచాడు. కర్ర జారి పడింది.

"ముయ్యను తాతయ్యా. ఇరవై ఏడేళ్ళు మూసుకున్నాను, చాలు. మీ భార్యని పట్టుకొచ్చి నాలో కూర్చోబెట్టారు, మరి నాను ఎక్కడ కూర్చోవాల?"

తాతయ్య నిలబడినవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత, అంత పెద్దమనిషి, దారి తప్పినవాడు ఎవర్నో అడిగినట్టు అడిగాడు.

"మరి ఆవిడేదే?"

జయమణి గారు వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు పట్టుకుంది. "దేవుడి దగ్గరున్నారండి" అంది మెల్లగా.

"మా ఆవిడకి మీ దేవుడితో పరిచయం లేదమ్మా" అన్నాడు తాతయ్య.

"ఆయనకి ఉంటాది లెండి" అంది ఆవిడ.

మా నాన్న ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు. గోడ మీది ఫోటో వైపు తిరిగాడు. దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. నేల మీద చతికిలబడి, పొద్దున్నుంచీ ఎవరూ ఊడవని బంతిపూల మధ్య, గుండెలు పగిలేలా ఏడ్చాడు. ఆవిడ పోయిన ఎనిమిది నెలలకే నన్ను చేతుల్లో పెట్టేశారు. పూర్తిగా ఏడవడానికి కూడా ఆయనకి టైము ఇవ్వలేదు. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. బెన్సన్ వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, గోడ మీద వెలుగుతున్న ఆ లైటు ఆర్పేశాడు.

నేనూ ఏడ్చాను. అయితే ఒక్క మాటైనా వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

కాసేపటికి నాన్న ముక్కు తుడుచుకున్నాడు. "నాన్నా, అమ్మ తిథి ఏటి?" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ తలుచుకోని రోజు అది.

"ఫాల్గుణ బహుళ తదియ" అన్నాడు తాతయ్య వెంటనే, కళ్ళు మూసుకునే. మర్చిపోలేదు ఆయన, ఒక్కరోజు కూడా. "వచ్చే నెలే" అన్నాడు.

నాన్న తలాడించాడు. లేచాడు. పంచె దులుపుకున్నాడు. జయమణి గారికి దణ్ణం పెట్టి, "ఈ రోజుకి ఎల్లిరండమ్మా" అన్నాడు. ఆవిడ వెళ్ళింది. బెన్సన్ గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. అప్పుడు మా నాన్న నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈసారి నా మొహంలో ఎవర్నీ వెతకడం లేదు.

"సైకిలు కోసం అబద్ధమాడేవా?" అన్నాడు.

"ఆడాను."

"గాడిదా! దొంగ గాడిదా! రెండు నెలల ఓవర్‌టైము సేసి కొన్నాన్రా బాబూ ఆ సైకిలు! మా అమ్మ కోరిక తీరిందని సింహాచలం కొండెక్కి మొక్కు తీర్చుకుని వచ్చాను! ఎంత బరితెగింపే నీకు? తండ్రితో ఆడుకునే ఆటలా ఇయ్యి?" ఆయన గొంతు పెరుగుతోంది. యూనిట్ వాళ్ళు అన్నం కంచాలతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "మూడేళ్ళ నించీ ఈడితో తిరుగుతన్నావు, నా ఇంట్లోకే తెచ్చి, ఈడికి టీలిచ్చి, పనిమంతుడని నా చేతే అనిపించేవు! కాళ్ళిరగ్గొడతాను!"

"ఇరగ్గొట్టు. పెళ్ళి మాత్రం మానను" అన్నాను.

"నోరు లేత్తంది! ఎవులిచ్చేరే నీకీ నోరు?"

"నువ్వే. ఇంకెవులిత్తారు?"

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాన్న గుమ్మంలో ఉన్న బెన్సన్ వైపు వేలు చూపించాడు.

"ఒరే, నువ్వు! మీ అమ్మని ఆదివారం మళ్ళీ రమ్మను. మీ చర్చి అయ్యాకే రమ్మను. ఈ రోజు అడిగినట్టు కాదు, సరిగ్గా కూకుని అడగమను, పిల్ల తండ్రిని అడిగినట్టు అడగమను. ఒప్పుకుంటానని మాత్రం కలలు కనకండి. నా కూతుర్ని అడగడానికొచ్చి ఆవిడ పళ్ళిచ్చి పోతే అయిపోద్దేటి?"

"అలగేనండి" అన్నాడు బెన్సన్, ఏమనాలో తెలియక.

"నువ్వు ఒప్పుకోకపోయినా సోమవారం నోటీసిచ్చేత్తాను" అన్నాను.

"ఎలాగిత్తావో నానూ సూత్తాను!"

"సూద్దువుగానిలే!"

"సూత్తానే! ఆ ఆఫీసు గుమ్మంలో కుర్చీ ఏసుకుని మరీ కూకుంటాను!"

ఇద్దరం హాలు మధ్యలో ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాం. నా గొంతు బొంగురుపోయింది, ఆయనకి దగ్గు వచ్చింది, అయినా ఎవరూ తగ్గలేదు. పుట్టి ఇరవై ఏడేళ్ళయింది, మా నాన్నతో నాకు అదే మొదటి దెబ్బలాట.